తుంటి మార్పిడి తరువాత నొప్పి పోయినా కుంటు ఎందుకు పోదు? నడకను మళ్లీ నేర్పడం ఎలా?

మీరు రాసినదాని సారాంశం ఇది. మీ అమ్మగారికి 62 ఏళ్లు. చాలాకాలంగా అరిగిపోయిన కుడి తుంటి కీలును పూర్తిగా మార్చి 10 వారాలైంది. నొప్పి దాదాపు లేదు, ఎక్స్-రే బాగుందని సర్జన్ చెప్పారు. అయినా నడుస్తుంటే ప్రతి అడుగుకూ కుడివైపు ఒరిగిపోతున్నారు, కుడికాలు పొడవైపోయినట్టు ఉందంటున్నారు. మూడో వారంలోనే చేతికర్ర పక్కన పెట్టేశారు, ఎంత నడిస్తే అంత మంచిదని ఎవరో చెప్పగా రోజూ గంటసేపు ఏకబిగిన నడుస్తున్నారు. ఆపరేషన్‌లో ఏదైనా పొరపాటు జరిగిందా, ఎడమ చెప్పులో ఎత్తు వేయించాలా అని అడిగారు.

తుంటి, మోకాలి ఆపరేషన్లు చేయించుకున్నవారికి నడక నేర్పడమే చాలా ఏళ్లుగా నా పని. మీరు చెప్పిన వివరాలలో ఆపరేషన్ చెడిందని అనుమానించాల్సినదేమీ నాకు కనిపించలేదు. నొప్పి లేకపోవడం, ఎక్స్-రే సరిగా ఉండడం మంచి సంగతులే. ప్రస్తుతానికి మూడు పనులు చేయండి: కర్రను మళ్లీ చేతికివ్వండి, ఏకబిగిన నడిచే నడకను ముక్కలు చేయండి, చెప్పులో ఎత్తు వేయించే ఆలోచన వాయిదా వేయండి. ఎందుకు ఇలా చెబుతున్నానో వివరిస్తాను. కారణం తెలిస్తే తప్ప బాగానే ఉన్నానని అనుకుంటున్న మనిషిని మళ్లీ కర్ర పట్టుకోమని ఒప్పించడం కష్టం.

నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కొంతసేపు శరీరమంతా ఒంటికాలి మీదే నిలుస్తుంది. ఆ సమయంలో శరీరం బరువు తుంటి కీలుకు లోపలి వైపు, అంటే నడుము మధ్యభాగం మీదుగా కిందికి లాగుతుంది. నడుము అవతలి పక్కకు పడిపోకుండా ఆపేది కీలుకు బయటివైపు, పిరుదు పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్, దాని అడుగున ఉండే గ్లూటియస్ మినిమస్ అనే కండరాలు. శరీర బరువు లాగే చోటు కీలుకు ఎంత దూరంలో ఉంటుందో, ఈ కండరాలు లాగే చోటు అందులో సుమారు సగం దూరంలోనే ఉంటుంది. అందువల్ల అవి మోయాల్సిన బరువుకు రెట్టింపు బలంతో బిగుసుకోవాలి. ఈ బిగింపు, శరీర బరువు రెండూ కలిసి కీలు మీద పడతాయి. మామూలు నడకలోనే ఆ ఒత్తిడి శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్లు ఉంటుందని, కొలిచే పరికరాలను లోపల అమర్చిన కృత్రిమ కీళ్లతో బెర్లిన్‌లో జరిపిన పరిశోధనలలో తేలింది. తడబడినప్పుడు అది ఇంకా బాగా పెరుగుతుంది.

ఈ కండరాలు బలహీనపడితే నడక రెండు విధాలుగా చెడుతుంది. మొదటిది, కుడికాలి మీద నిలిచినప్పుడు నడుము ఎడమవైపు కిందికి జారడం. జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వర్ణించిన ఈ లక్షణాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. రెండోది, నడుము జారకుండా ఉండేందుకు మొండేన్నే కుడివైపు ఒరగనివ్వడం. ఒరిగితే శరీర బరువు కీలుకు సరిగ్గా పైకి వస్తుంది, కండరానికి పని తగ్గుతుంది, కీలు మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. మీ అమ్మగారు చేస్తున్నది ఇదే. కీలు అరిగి నొప్పి పెట్టిన సంవత్సరాలలో ఆమె శరీరం తనంత తానుగా కనిపెట్టుకున్న ఉపాయం ఇది. అప్పట్లో అదే ఆమెకు నొప్పి మాత్ర. కీలు మారింది, నొప్పి పోయింది. కానీ వాడక సన్నబడ్డ కండరం సన్నగానే ఉంది, ఏళ్ల తరబడి స్థిరపడ్డ ఆ నడక మెదడులో అలాగే మిగిలింది. ఆపరేషన్ ఈ రెంటిలో దేనినీ బాగుచేయదు.

ఆ పైన గాయం సంగతి ఉంది. సర్జన్ కీలులోకి ఏ దారిన వెళ్లారన్నదాన్నిబట్టి ఈ కండరాలకు జరిగేది మారుతుంది. వెనుక నుంచి వెళితే గ్లూటియస్ మీడియస్ జోలికి పోకుండా, కీలు వెనుక ఉండి తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను విడదీసి తిరిగి కుడతారు. ముందు నుంచి వెళితే కండరాల మధ్య సందులోంచి పోతారు. పక్క నుంచి వెళ్లే పద్ధతిలో మాత్రం గ్లూటియస్ మీడియస్ ముందుభాగాన్నే ఎముక నుంచి విడదీసి తరువాత కుట్టాల్సి వస్తుంది. ఆ కుట్టు మానేవరకు ఆ కండరం మీద బరువులతో, సాగే పట్టీలతో వ్యాయామం చేయించకూడదు. కాబట్టి ఈ కింద చెప్పినవి మొదలుపెట్టే ముందు సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి: కీలులోకి వెనుక, ముందు, పక్క దారుల్లో దేని నుంచి వెళ్లారు, పిరుదు పక్క కండరాన్ని కుట్టారా. డిశ్చార్జి కాగితంలో ఈ వివరం ఉండే అవకాశం ఉంది. జాగ్రత్తలూ దీన్నిబట్టే ఉంటాయి. వెనుక నుంచి చేసినవారికి తొడను 90 డిగ్రీలు దాటి పొట్టవైపు వంచవద్దని, కాలు మీద కాలు వేయవద్దని, పాదాన్ని లోపలికి తిప్పవద్దని చెబుతారు. ముందు నుంచి చేసినవారికి కాలు బాగా వెనక్కి చాచడం, పాదం బయటికి తిప్పడం మీద పరిమితి పెడతారు. ఎంతకాలం పాటించాలో ఆమె సర్జన్ చెప్పిందే లెక్క.

ఇక కర్ర విషయం. చాలామంది ఆపరేషన్ అయిన పక్క చేతిలోనే కర్ర పట్టుకుంటారు. చూడడానికి సహజంగా అనిపించినా అది పెద్దగా సాయపడదు. కుడి తుంటికి కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడిపాదం నేల తాకేటప్పుడే కర్ర కూడా నేల తాకాలి. ఎడమ చేయి కుడి కీలుకు చాలా దూరంలో ఉంటుంది గనుక అక్కడ కొద్దిపాటి బరువు మోపినా నడుము ఎడమ పక్కను అది గట్టిగా నిలబెడుతుంది, కుడి పక్క కండరం మోయాల్సిన భారం అంతకు ఎన్నో రెట్లు తగ్గుతుంది. బలహీనమైన కండరం అలసిపోకుండా, నడుము సమంగా ఉంచి నడవడానికి ఇంతకన్నా తేలికైన మార్గం లేదు. ఎత్తు చూడండి: ఆమె మామూలుగా వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరకు రావాలి, పట్టుకున్నప్పుడు మోచేయి 20 నుంచి 30 డిగ్రీలు వంగి ఉండాలి. కర్ర పొడవైతే భుజం లేస్తుంది, పొట్టిదైతే మనిషి దానివైపు వంగిపోతారు.

కర్ర ఎప్పుడు వదలాలన్నదానికి తేదీ కన్నా నడకే మంచి కొలత. చాలామందికి 6 వారాల దగ్గర వదలవచ్చంటారు, కొందరు అంతకు ముందే వదలగలుగుతారు. నేను చూసేది మాత్రం వేరు. వేలి కొనలు మాత్రమే దేనినైనా ఆనించి ఆమె కుడికాలి మీద 10 సెకన్లు నిలబడగలగాలి, ఆ సేపు నడుము రెండు పక్కలూ సమంగా ఉండాలి, మొండెం ఒరగకూడదు. కర్ర లేకుండా గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి అదే తీరుగా నడవగలగాలి. అప్పుడు ముందుగా ఇంట్లో, ఉదయం పూట కర్ర మానండి. బయటకు వెళ్లినప్పుడు, సాయంత్రం అలసిన వేళ ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి. కర్ర పట్టుకుని సరిగా నడిచే మనిషి, కర్ర లేకుండా ఒరుగుతూ నడిచే మనిషి కన్నా ముందున్నట్టే లెక్క. ఇది ఆమెకు మీరు మనసుకు పట్టేలా చెప్పాలి, ఎందుకంటే కర్ర వదలడమే కోలుకోవడమని అందరూ అనుకుంటారు.

గంటసేపు నడక గురించి నాకున్న అభ్యంతరమూ ఇదే. కండరం ఓపిక మొదటి 10, 15 నిమిషాలలోనే అయిపోతుంటే మిగతా సమయమంతా ఆమె అభ్యాసం చేస్తున్నది కుంటడాన్నే. ఎన్నిసార్లు చేస్తే అంతగా ఆ తీరే స్థిరపడుతుంది. నడక మానవద్దు, దాన్ని పంచండి. 10 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు, కర్రతో నడిస్తే చాలు. వెనుక ఒకరు చూస్తూ ఉండి, ఒరగడం మొదలైన చోట ఆపి కూర్చోబెట్టాలి. వారం వారం ఆ సమయం దానంతటదే పెరుగుతుంది.

చూడడం ఎలాగో కూడా చెప్పాలి. ఆమె నడుము ఎముకల పైఅంచు చుట్టూ ఒక పట్టీ గాని, బెల్టు గాని అడ్డంగా కట్టి, వెనుక నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. ప్రతి అడుగుకూ పట్టీ ఎడమవైపు దిగుతోందా, లేక పట్టీ సమంగానే ఉండి భుజాలు కుడికి ఊగుతున్నాయా అన్నది నెమ్మదిగా ఆడించి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. తరువాత పక్క నుంచి తీయండి. ఇందులో చూడాల్సింది కుడికాలు కాదు, ఎడమ అడుగు. కీలు అరిగినవారిలో తొడ ముందువైపు, గజ్జ దగ్గర కండరాలు బిగుసుకుపోయి కాలు వెనక్కి సాగదు. అందువల్ల కుడిపాదం మీద బరువుండగా శరీరం దాన్ని దాటి ముందుకు పోలేదు. ఎడమపాదం కుడిపాదం పక్కకు వచ్చి ఆగిపోతుంది, లేదా కాస్త మాత్రమే దాటుతుంది. మడమ ముందుగానే లేస్తుంది, నడుము వెనుక గుంట లోతవుతుంది. ఆమె కుడి అడుగు పొడవుగా, ఎడమ అడుగు పొట్టిగా పడుతుంటే కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. కుడికాలి మీద నమ్మకం కుదరక త్వరగా ఎడమకాలికి మారిపోవడం కూడా ఇలాగే కనిపిస్తుంది. ఇంకో సులువైన పరీక్ష ఉంది: మీరు కళ్లు మూసుకుని ఆమె అడుగుల చప్పుడు వినండి. రెండు చప్పుళ్ల మధ్య విరామం సమంగా ఉండాలి. ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా వినిపిస్తే కుడికాలి మీద ఆమె నిలిచే సమయం తక్కువగా ఉందన్నమాట.

సరిదిద్దేటప్పుడు చాలామంది "ఒరగకు, నిటారుగా నడు" అంటారు. ఆ మాట వినగానే మనిషి శరీరమంతా బిగబట్టి నడుస్తారు, నాలుగడుగులకే మళ్లీ ఒరుగుతారు. అలా కాకుండా ఒకేఒక పని చెప్పాలి. "ఎడమపాదాన్ని కుడిపాదం దాటించి ముందుకు పెట్టండి" అనడం నాకు అన్నిటికన్నా బాగా పనిచేసిన మాట. ఎడమపాదం దాటాలంటే కుడికాలి మీద తగినంత సేపు నిలవక తప్పదు, కుడి తొడ వెనక్కి సాగక తప్పదు, కాబట్టి ఆ ఒక్క మాటతో రెండు లోపాలూ దారికొస్తాయి. అడుగులకు తాళం కావాలనుకుంటే ఫోన్‌లో మెట్రోనోమ్ (సమాన విరామాలతో టిక్కుమనే సాధనం) పెట్టి, ఆమెకు హాయిగా ఉన్న వేగంలో ప్రతి టిక్కుకూ ఒక అడుగు వేయించండి. విరామం సమమయ్యేసరికి అడుగుల పొడవు కూడా సమం కావడం తరచుగా చూస్తుంటాం.

నడకకు ముందు నిలబడడం నేర్పాలి. బరువు చూసుకునే యంత్రాలు రెండు ఒకే ఎత్తువి దొరికితే, పట్టుకోవడానికి ఆధారం ఉన్నచోట ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టి, అంకెలు చూడకుండా సమంగా నిలబడమనండి. ఆ తరువాత అంకెలు చూపించండి. తాను సమంగానే నిలబడ్డానని ఆమె గట్టిగా నమ్ముతున్న సమయంలో ఎడమవైపు అంకె ఎక్కువ చూపిస్తే ఆమెకే ఆశ్చర్యం వేస్తుంది. ఎవరు ఎంత చెప్పినా రాని గ్రహింపు అక్కడ వస్తుంది. అంకెలు సమం చేయడం, తరువాత కుడివైపు నెమ్మదిగా ఎక్కువ బరువు వేసి అక్కడ కాసేపు ఆగడం, ఆ తరువాత కుడికాలి మీద నిలిచి ఎడమపాదాన్ని ముందుకూ వెనక్కూ పెట్టడం, ఇదీ వరుస. అద్దం ముందు చేస్తే భుజాల కదలిక ఆమెకే కనిపిస్తుంది.

బలం పెంచే వ్యాయామాలలో నేను ముఖ్యమనుకునేవి కొన్నే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి పిరుదులు పైకెత్తడం, కాస్త ఎత్తైన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా, రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేసి లేవడం, గోడ పక్కన అడ్డంగా అడుగులు వేయడం తొలిదశవి. తరువాత ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుని కుడికాలు పైకెత్తడం. ఇందులో ఒక మెలకువ ఉంది. మునివేళ్లు పైకప్పువైపు తిరిగితే పని తొడ ముందు కండరాలకు పోతుంది, పిరుదు పక్క కండరానికి పెద్దగా దక్కదు. పాదం ముందువైపు చూస్తూ, మడమ ముందుగా లేవాలి, కాలు శరీరానికి కాస్త వెనుకగా ఉండాలి. సరిగా చేస్తే పిరుదు పక్కన చేయి పెట్టినప్పుడు కండరం గట్టిపడడం తెలుస్తుంది, కాలు లేచే ఎత్తు కూడా ఆమె అనుకున్నంత ఉండదు. ఆ చివర వచ్చేది మెట్టు వ్యాయామం: ఆధారం పట్టుకుని 10 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు మీద కుడికాలితో నిలబడి, ఎడమకాలు గాలిలో ఉంచి, మోకాలు వంచకుండా నడుము ఎడమ పక్కను నెమ్మదిగా దించి మళ్లీ సమానానికి ఎత్తడం. నడకలో ఆ కండరం చేయాల్సిన పని దాదాపు ఇదే. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు, రోజు విడిచి రోజు చేయిస్తే చాలు. మరుసటి ఉదయానికి నొప్పి గాని, ఎక్కువైన కుంటు గాని మిగిలి ఉంటే ముందటి రోజు మోతాదు ఎక్కువైందని అర్థం.

వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా పైకెత్తే వ్యాయామాన్ని మాత్రం నేను ఈ పనికి వాడను. అది గజ్జ దగ్గర కండరం మీద ఎక్కువ భారం వేస్తుంది, కొందరిలో అక్కడ మొండి నొప్పి తెస్తుంది, ఒరిగే నడకకు అది మందు కాదు. బిగుసుకున్న ముందు కండరాలు సాగడానికి మంచం మీద వెల్లకిలా పడుకుని, ఎడమ మోకాలిని రెండు చేతులతో పొట్టవైపు లాక్కుని, కుడి తొడ వెనుకభాగాన్ని పరుపుకు ఆనించి ఉంచమనండి. కుడి మోకాలు పైకి లేస్తోందంటే బిగువు ఇంకా ఉన్నట్టే. ముందు నుంచి ఆపరేషన్ చేసి ఉంటే దీనికి కూడా సర్జన్ అనుమతి తీసుకోండి.

కాలు పొడవైపోయిందన్న భావన గురించి. ఇది చాలామందికి వస్తుంది, దానికి రెండు వేర్వేరు కారణాలుంటాయి. నిజంగా పొడవు మారడం ఒకటి. దాన్ని ఎక్స్-రే మీద కొలుస్తారు. నడుము ఒక పక్కకు వంగి ఉండడం వల్ల పొడవుగా అనిపించడం రెండోది. తొలి నెలలలో ఎక్కువగా కనిపించేది ఇదే. మృదులాస్థి అరిగిన ఏళ్లలో ఆ కాలు కొంత పొట్టిదై, శరీరం దానికి తగ్గట్టు సర్దుకుని ఉంటుంది. ఆపరేషన్‌లో పాత పొడవు తిరిగి వచ్చినప్పుడు అదే ఎక్కువైనట్టు తోస్తుంది. కీలు చుట్టూ బిగువు తగ్గి, నడుము సమానానికి వచ్చేకొద్దీ 3 నుంచి 6 నెలల్లో ఈ భావన చాలామందిలో తగ్గిపోతుంది. ఇప్పుడే ఎడమ చెప్పులో ఎత్తు వేస్తే వంగిన నడుమును వంగినట్టే నిలబెట్టినవాళ్లవుతారు. 6 నెలల తరువాత కూడా తేడా ఉండి, అది కొలతలో తేలి, ఆమెను ఇబ్బంది పెడుతుంటే అప్పుడు వేయించవచ్చు. అప్పుడు కూడా తేడా మొత్తానికి కాక, కొంతమేరకే వేసి చూస్తారు.

మెట్ల గురించి మీరు అడగలేదు గాని, ఈ దశలో పడిపోయే ప్రమాదం అక్కడే ఎక్కువ. ఎక్కేటప్పుడు ముందు ఎడమకాలు, దిగేటప్పుడు ముందు కర్రా కుడికాలూ. మెట్ల పక్క రెయిలింగ్ పట్టుకోవడం తప్పనిసరి.

ఇలా శ్రద్ధగా చేస్తే 6 నుంచి 8 వారాలలో వీడియోలో తేడా కనిపించాలి. పక్క కండరం బలం ఏడాది వరకు పెరుగుతూనే ఉంటుంది గనుక మొదటి నెలలో మార్పు కొంచెమే ఉందని నిరాశపడకండి. కొన్నిటికి మాత్రం ఆగకూడదు. పిక్కలో నొప్పితో వాపు, ఛాతీలో నొప్పి, ఆయాసం, జ్వరం, గాయం ఎర్రబడడం, గాయం నుంచి స్రావం కారడం, ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చి కాలు పొట్టిదై పక్కకు తిరిగిపోవడం, ఇందులో ఏది కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. పాదం పైకి లేవకుండా ఈడ్చుకుపోతుంటే సర్జన్‌కు వెంటనే చూపించాలి. కొత్తగా గజ్జలో గాని, తొడలో గాని నొప్పి మొదలై, అడుగు మోపినప్పుడల్లా పెరుగుతుంటే వ్యాయామాలు ఆపి ఆయన్ను కలవండి. మూడు నెలలు సరిగా సాధన చేసిన తరువాత కూడా ఆమె కుడికాలి మీద ఒక్క క్షణం నడుము నిలపలేకపోతుంటే, తుంటి బయటి వైపు నొక్కితే నొప్పి ఉంటే, కుట్టిన కండరం ఎముక నుంచి ఊడిందేమో, దాని నరానికి దెబ్బ తగిలిందేమో పరీక్షించమని మీరే అడగండి. అల్ట్రాసౌండ్ గాని, లోహం వల్ల వచ్చే అస్పష్టతను తగ్గించే పద్ధతిలో తీసిన ఎంఆర్ఐ గాని కండరం సంగతి చెబుతాయి. మామూలు ఎక్స్-రేలో అది కనిపించదు. వెళ్లేటప్పుడు మొదటి వారంలో తీసిన వీడియో, తాజా వీడియో రెండూ తీసుకెళ్లండి.